సద్దుల బతుకమ్మ: పదిమంది సద్ది, పదిమంది ఆట



భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలయ్యే బతుకమ్మ, చాలాచోట్ల దుర్గాష్టమినాడు సద్దులతో ముగుస్తుంది. సద్ది అంటే మూటగట్టి వెంట తీసుకుపోయే అన్నం. బతుకమ్మను నీళ్లలో విడిచాక, గట్టుమీద కూర్చుని ఆ మూటలు విప్పి పదిమందీ పంచుకు తింటారు. కనుక ఈ పండుగలో ఆట ఎంత ముఖ్యమో భోజనమూ అంతే ముఖ్యం.

అడిక్‌మెట్, చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు మనలో చాలామందిమి వాటాల్లోనో, అపార్ట్‌మెంట్లలోనో ఉంటున్నాం. తంగేడు, గునుగు, బంతి, చామంతి అన్నీ బజారులోనే దొరుకుతాయి. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమయింది. సంతోషమే. కాని కొన్నిచోట్ల చందా ఇచ్చి వంటవాళ్లకు పురమాయించడం, పెట్టెలో పాట పెట్టి చుట్టూ నిలబడి చూడటం అలవాటవుతున్నది. చేసేవారు కొందరు, చూసేవారు అందరూ అయితే పండుగ ఎవరిదవుతుంది చెప్పండి?

ఇటువంటి సాయంత్రాలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. స్కాట్లండులో రాబర్ట్ బర్న్స్ అనే కవి 1759 జనవరి 25న పుట్టాడు. ఏటా ఆ రోజుకు అటూ ఇటుగా ఊరి సంఘాలవాళ్లు ఒక హాల్లో చేరి విందు చేసుకుంటారు. గొర్రె గుండె, కాలేయం, ఊపిరితిత్తులను ఓట్సుతో, ఉల్లిపాయలతో కలిపి ఉడికించిన హాగిస్ అనేది అందులో ప్రధానం. పక్కన బంగాళాదుంపల ముద్ద ఉంటుంది. చాలాచోట్ల భోజనమయ్యాక ‘కేలీ’ అనే ఆట. ఆ మాటకు మొదటి అర్థం ఒకరింటికొకరు పోయి పలకరించుకోవడం. అక్కడ ఒకరు ముందుగా అడుగులు చెబుతారు, మిగతావారు ఆ ప్రకారం ఆడతారు. రానివారు కూడా అక్కడికక్కడే నేర్చుకుంటారు.

మన బతుకమ్మలోనూ ఆ సదుపాయం ఉన్నది. ఒకామె పాట అందుకుంటే, తక్కినవాళ్లు ‘ఉయ్యాలో’ అని పలికితే చాలు. వంగి ఒక చప్పట్టు, లేచి ఒక చప్పట్టు, పక్కకు ఒక అడుగు. పాట రాదని ఎవరూ వెనకాడనక్కరలేదు. కోస్తా జిల్లాలనుంచి వచ్చిన వదినగారికి సంక్రాంతి గొబ్బి తట్టడం వచ్చు కదా, ఆవిడకిది ఎంతసేపు?

ఇక సద్దుల సంగతి. యాభైమందికి అయిదిళ్లవాళ్లు తలా ఒక కిలో బియ్యం వండితే సరిపోతుంది. ఒకరు చింతపండు పులిహోర, ఒకరు నిమ్మకాయ, ఒకరు నువ్వులన్నం, ఒకరు కొబ్బరన్నం, ఒకరు పెరుగన్నం. పులిహోర పొద్దున్నే కలిపినా ఫరవాలేదు. కొబ్బరన్నం త్వరగా పాడవుతుంది గనుక బయలుదేరే ముందు కలపండి. పెరుగన్నంలో పాలు ఎక్కువ పోసి పెరుగు కొంచెమే వేస్తే సాయంత్రానికి పులవదు. వంటకు తీరికలేని ఉద్యోగస్తురాలు రొట్టెలు నలిపి, బెల్లం, నెయ్యి కలిపి మలీద తేవచ్చు. ఎవరి శక్తి వారిది.

మరొక్క మాట. భర్త పోయిన పెద్దావిడను ఇటువంటి రోజున లోపల కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆలోచించండి. పాటలు మొదటినుంచి చివరిదాకా వచ్చేది తరచు ఆవిడకే. ‘పెద్దమ్మా, నువ్వు పాట అందుకోకపోతే మాకెట్లా?’ అని చెయ్యి పట్టుకుని తీసుకురండి. ఆమె రాకుంటే ఆ పాట మన పిల్లలకు చేరదు. కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయిని కూడా ముందురోజే పిలవండి. ఏం తేవాలో చెప్పి మరీ పిలవండి. చేతిలో గిన్నె ఉంటే మొహమాటం ఉండదు.

ఈసారి మీ వాకిట్లో ఎవరేం వండుతారో ఇప్పుడే అనుకోండి. పాటల పెట్టె మాత్రం కాసేపు మూసి ఉంచండి.