గనిలో పుట్టిన పళ్ల చక్రం

ఉక్కు రంగు నుంచి నలుపు దాకా మెరిసే ముఖాలు, అంచు చుట్టూ వరుసగా పళ్లు. బూర్నొనైట్ స్ఫటికాన్ని మొదటిసారి చూసినవారు అది ఏదో పాత యంత్రంలోంచి ఊడిపడిన భాగం అనుకుంటారు. ఇంగ్లండ్ గని కార్మికులైతే దీనికి పళ్లచక్రాల ఖనిజమనే పేరు పెట్టుకున్నారు.

ఇది సీసం, రాగి, ఆంటిమొనీ, గంధకం కలిసిన సల్ఫైడు. బరువులో దాదాపు 42 శాతం సీసమే. భూగర్భంలో లోహాలను కరిగించుకున్న వేడినీరు రాతి పగుళ్లలోకి చేరి చల్లబడేటప్పుడు ఈ ఖనిజం గడ్డకడుతుంది.

మరి పళ్లు ఎక్కడివి? ఈ స్ఫటికాలు పెరిగేటప్పుడు ఒకే తలాన్ని పంచుకుంటూ, వేర్వేరు దిక్కులకు తిరిగి అతుక్కుంటాయి. వీటిని కవల స్ఫటికాలంటారు. ఒక కవలకు, దాని పక్కదానికి మధ్య కోణం లంబకోణానికి చాలా దగ్గర. అందువల్ల రెండోది మొదటిదానికి దాదాపు అడ్డంగా నిలుస్తుంది. ఇదే పదేపదే జరిగితే గుండ్రటి చక్రం తయారవుతుంది. కవలలు కలిసినచోట లోపలికి నొక్కులు పడతాయి, వాటి మధ్య గట్లు పొడుచుకొస్తాయి. అవే మనకు కనిపించే పళ్లు.

కార్న్‌వాల్‌లోని ఎండెలియన్ దగ్గర దొరికిన ఈ ఖనిజాన్ని 1797లో ఫిలిప్ రాష్‌లీ ప్రస్తావించారు. ఫ్రెంచి విప్లవ కాలంలో దేశం విడిచి ఇంగ్లండ్ చేరిన కౌంట్ ద బూర్నోఁ 1804లో దీన్ని సమగ్రంగా వర్ణించారు. దాని రసాయన విశ్లేషణ చేసింది నియోబియంను కనుగొన్న చార్లెస్ హాచెట్. మరుసటి ఏడాదే బూర్నోఁ పేరు ఖనిజానికి స్థిరపడింది.

19వ శతాబ్దంలో కార్న్‌వాల్‌లోని హెరడ్స్‌ఫుట్ సీసపు గని నుంచి వచ్చిన చక్రాలను సేకర్తలు ఇప్పటికీ అపురూపంగా చూస్తారు. తర్వాతి కాలంలో చైనాలోని యావ్‌గాంగ్‌షియన్ గని కూడా చక్కటి నమూనాలనిచ్చింది.

దీని కాఠిన్యం 2.5 నుంచి 3 మాత్రమే. అంటే రాగి నాణెం గీసినా గీత పడొచ్చు. అందుకే ఉంగరంలో పొదగడానికి పనికిరాదు. పుట్టిన రూపమే దీని విలువ. మీ చేతికి ఎప్పుడైనా ఇలాంటి నమూనా వస్తే మెరుగు పెట్టించకండి, ఏ గనిలో దొరికిందో రాసిన చీటీని పారేయకండి. సీసం ఉంది కనుక తాకిన తర్వాత చేతులు కడుక్కోండి.