మార్లవాయికి వచ్చిన పరదేశి

ఊరంతా ఆటపట్టించే ఓ పిరికి బడిపంతులికి వేరే గ్రహపు జీవి తారసపడుతుంది. సత్యజిత్ రాయ్ 1962లో రాసిన బెంగాలీ కథ ‘బంకుబాబుర్ బంధు’ ఇతివృత్తం ఇదే. దానికి దగ్గరి సంఘటన మన ఆదిలాబాద్ అడవుల్లో నిజంగానే జరిగింది.

1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కుమురం భీం పోలీసు తూటాలకు నేలకొరిగాక గోండు గూడేలు బిక్కచచ్చిపోయాయి. జంగ్లాత్ (అటవీ శాఖ) వాళ్లు, పట్వారీలు, షావుకార్లు... ఎవరొచ్చినా పీడనే. అది పుట్టుకతో వచ్చిన పిరికితనం కాదు, దెబ్బలు నేర్పిన భయం. అందుకే తెల్లతోలు మనిషి కనబడగానే జనం అడవిలోకి పారిపోయారు.

ఆయన క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో, రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వారి లెక్కలో ఆయన శత్రుదేశపు పౌరుడు. నిజాం రాజ్యం దాటి పోరాదన్నారు. అలా గోండుల మధ్యకు చేరి, భార్య బెట్టీతో మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. గోండీ నేర్చుకున్నారు. వాళ్ల గోడు సర్కారుకు రాశారు.

ఫలితం మాటలకే పరిమితం కాలేదు. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ మొదలైంది, గోండీలో వాచకాలు వచ్చాయి. వేలాది కుటుంబాలకు భూమి పట్టాలు దక్కాయి.

బెట్టీ 1987లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో మరణించిన హైమన్‌డార్ఫ్ అస్థికలు కూడా తర్వాత ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరి 11న గోండులు అక్కడ నివాళులర్పిస్తారు.