ఒక్క ముద్ద తినవే... బుజ్జి కొండచిలువా!

చంటిపిల్ల అన్నం తినకపోతే అమ్మ ఏం చేస్తుంది? చందమామను చూపిస్తుంది. బూచాడొస్తాడని బెదిరిస్తుంది. అప్పటికీ వినకపోతే ఒళ్లో కూర్చోబెట్టుకుని బలవంతంగానైనా నాలుగు ముద్దలు పెట్టేస్తుంది. మరి ముచ్చటపడి తెచ్చుకున్న పాముపిల్ల నోరు తెరవనని మొండికేస్తే..? పాముల్ని పెంచుకోవడం మామూలైపోయిన అమెరికా, బ్రిటన్‌లలో చాలా ఇళ్లలో ఇదే బెంగ!

డల్లాస్‌లో ఉంటున్న ఓ తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. పదేళ్ల పిల్లాడు పుట్టినరోజుకి కుక్కపిల్ల వద్దు, పాముపిల్లే కావాలన్నాడు. బతిమాలగా బతిమాలగా నాన్న ఒప్పుకున్నాడు. జానెడు దాటిన కొండచిలువ పిల్ల ఇంటికొచ్చింది. వచ్చి మూడు వారాలైంది. ఎలుకపిల్లను ముందు పెడితే చాలు, తల తిప్పేసుకుని ఉండలా చుట్టుకుపోతోంది. వీడికి దిగులు. ఆ దిగులు చూసి అమ్మకు దిగులు. హైదరాబాద్ నుంచి అమ్మమ్మ ఫోన్‌లో ఓ సలహా పారేసింది: ‘కాసిని పాలు పోసి చూడరాదుట్రా!’

నాగుల చవితికి పుట్టలో పాలు పోసే చేతులాయె, ఆమె అలా అనడంలో వింతేముంది? కానీ పాము పాలు తాగే జీవి కాదు. దాహంతో అల్లాడుతున్నప్పుడు ఏది పోసినా నోరు పెడుతుందేమో గానీ పాలు దానికి అరగవు. దానికి కావాల్సింది మాంసం... అదీ తన పద్ధతిలో దొరకాలి!

అలక కాదు... భయం!
పెంపుడు పాముల్లో బాగా పేరున్నది ‘బాల్ పైతాన్’. బ్రిటన్‌లో రాయల్ పైతాన్ అంటారు. సొంతూరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలు. భయమేస్తే తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది కాబట్టే ఆ పేరు. పెద్దయ్యాక మూడు నుంచి అయిదు అడుగులుంటుంది. విషం లేదు. కాటేసే స్వభావమూ తక్కువే. అందుకే పిల్లలున్న ఇళ్లలోనూ చేరిపోయింది.

తల్లి సుమారు రెండు నెలలు గుడ్లను చుట్టుకుని కాపలా కాస్తుంది. అవి పిగలగానే తన దారి తాను చూసుకుంటుంది. అరవై గ్రాములు అటూఇటూగా ఉండే పిల్లకు ఇక అమ్మా లేదు, గోరుముద్దలూ లేవు. మొదట్లో కడుపులో మిగిలిన పచ్చసొనే ఆధారం. వారం, రెండు వారాల్లో మొదటి కుబుసం విడుస్తుంది. ఆకలి మొదలయ్యేది ఆ తర్వాతే.

అడవిలో అది ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని బతుకుతుంది. అలాంటి దాన్ని నాలుగువైపులా వెలుతురు పడే పెద్ద గాజుతొట్టెలో వేసి, రోజుకి పదిసార్లు చేతుల్లోకి తీసుకుని, వచ్చినవాళ్లందరికీ చూపిస్తే..? తనను ఎవరో తినేయబోతున్నారనే అది అనుకుంటుంది. ప్రాణభయంతో ఉన్నవాళ్లకి అన్నం సహిస్తుందా!

ముందు ఇల్లు చక్కబెట్టాలి
కాబట్టి మార్చాల్సింది తిండిని కాదు, ఇంటిని. చిన్న పెట్టె చాలు. అందులో ఒళ్లు గోడలకు ఆనేంత ఇరుకైన గూళ్లు రెండు... ఒకటి వెచ్చని వైపు, ఒకటి చల్లని వైపు. వెచ్చని చోట 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండో వైపు 25 నుంచి 27 ఉండాలి. పాముకి సొంతంగా ఒంటి వేడి ఉండదు. బయటి వేడి చాలకపోతే తిన్నది అరగదు. అరగదని తెలిస్తే అసలు తినదు! వేడిపలకకు థర్మోస్టాట్ తప్పనిసరి. లేకపోతే పొట్ట కాలిపోతుంది. గాల్లో కాస్త తేమ, గిన్నెలో మంచినీళ్లు ఎప్పుడూ ఉండాలి.

ఆ తర్వాత వారం రోజులు దాన్ని ముట్టుకోకూడదు. పిల్లలకు కష్టమైన పని ఇదే. పెద్దలకు కూడా!

ఎలుక వేడెక్కాల్సిందే
ఈ పాము పై పెదవి వెంట చిన్న చిన్న గుంటలుంటాయి. వేడిని పసిగట్టే పరికరాలవి. చీకట్లో ఎదుటి ప్రాణి ఒంటి వేడిని ‘చూసి’ గురి చూస్తుంది. నాలుక చాపి గాల్లోని వాసనల్ని పట్టి, అంగిట్లో ఉండే జాకబ్సన్ అవయవానికి అందిస్తుంది. అంటే, చల్లగా పడున్న ఎలుక దాని లెక్కలో తిండే కాదు.

అక్కడి దుకాణాల్లో గడ్డకట్టించిన ఎలుకపిల్లలు అమ్ముతారు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి కరగనివ్వాలి. ఆనక కవర్లో పెట్టి వేడినీళ్లలో ముంచితే 38 డిగ్రీల దాకా వెచ్చబడుతుంది. మైక్రోవేవ్‌లో మాత్రం పెట్టకూడదు. (పప్పు, పెరుగు ఉండే ఫ్రిజ్‌లోనే ఎలుకలా అని అమ్మ అడగడం న్యాయమే. వాటికో చిన్న ఫ్రిజ్ విడిగా ఉంటే గొడవుండదు!) ఎలుక లావు పాము ఒంట్లో అన్నిటికంటే లావైన చోటికి సమానంగా ఉంటే సరి. చీకటి పడ్డాక దీపాలు తగ్గించి, పొడవాటి పట్టకారుతో గూడు ముందు నెమ్మదిగా కదిలించాలి. పట్టిందా, సరే. లేదంటే అక్కడే వదిలేసి, పెట్టె మీద గుడ్డ కప్పి వెళ్లిపోవాలి. తెల్లారేసరికి అలాగే ఉంటే పారేసి, మళ్లీ అయిదు నుంచి ఏడు రోజుల దాకా ఆ ఊసెత్తకూడదు. రోజూ పెట్టి చూడటమే చాలామంది చేసే తప్పు. ఆ తొందర దాన్ని ఇంకా బెదరగొడుతుంది.

కళ్లు పాలరంగులోకి మారాయంటే కుబుసం విడవబోతోందని గుర్తు. అప్పుడు తినకపోవడం మామూలే.

వాసన మారిస్తే...
అన్నీ సరిగ్గా ఉన్నా తినకపోతే అనుభవజ్ఞులు చిట్కాలు వాడతారు. అడవిలో ఈ జాతి కుర్ర పాములు చిన్న పక్షుల్ని ఎక్కువగా తింటాయి. అందుకే ఎలుకను కోడిపిల్ల నూగుకు రుద్ది ఇస్తారు. అమెరికాలో పెంచే మరో రకం, కార్న్ స్నేక్ పిల్లలకు బల్లులంటే ఇష్టం. వాటికి బల్లి వాసన పట్టిస్తారు. తెల్ల ఎలుక నచ్చకపోతే నల్లది పెట్టి చూస్తారు.

ఏం చేసినా లాభం లేకపోతే ప్రాణంతో ఉన్న ఎలుకను వేసేవాళ్లూ ఉన్నారు. అది ప్రమాదం. ఆకలి లేని పామును ఎలుకే కొరికి గాయపరుస్తుంది. నోరు తెరిచి బలవంతంగా కుక్కడం ఇంకా ప్రమాదం. నోరు, గొంతు చీరుకుపోవచ్చు, తిన్నది కక్కేయవచ్చు. అది చిట్టచివరి మార్గం... చేయాల్సింది డాక్టరో, చేయి తిరిగినవాళ్లో.

మరి ఎన్నాళ్లు ఆగొచ్చు? పెద్ద బాల్ పైతాన్‌లు నెలల తరబడి పస్తుండి కూడా ఆరోగ్యంగా ఉంటాయి. పిల్లలకు అంత నిల్వ ఉండదు. వంటింటి త్రాసులాంటి దాని మీద వారానికోసారి తూచి రాసుకోవాలి. బరువు నిలకడగా ఉంటే కంగారు అక్కర్లేదు. పదో వంతు తగ్గినా, వెన్నెముక తేలినా, నోట్లో జిగురు కనిపించినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా పాముల వైద్యం తెలిసిన డాక్టర్ని కలవాల్సిందే. అసలు కొనేటప్పుడే ‘ఇది ఎన్నిసార్లు తింది?’ అని అడిగి, నాలుగైదుసార్లు తిన్నదాన్నే తెచ్చుకుంటే సగం బెంగ తీరుతుంది.

ముచ్చట కాదు, బాధ్యత
ఇది ఒకట్రెండేళ్ల ముచ్చట కాదు. సెయింట్ లూయిస్ జూకి ఓ బాల్ పైతాన్ 1961లో వచ్చింది. 2020లో, కనీసం 62 ఏళ్లుంటాయని అంచనా వేసిన వయసులో గుడ్లు పెట్టి అందర్నీ ఆశ్చర్యపరిచింది! ఇంట్లో పెరిగేవి కూడా ఇరవై ముప్ఫై ఏళ్లు బతుకుతాయి. పాముల ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు కాబట్టి ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. అయిదేళ్లలోపు పిల్లల్ని దూరంగా ఉంచాలి.

ఇదంతా చదివి మనింట్లోనూ ఓ పాముపిల్ల ఉంటే బాగుండునని ముచ్చటపడకండి. మన నాగుపాము, కొండచిలువ, జెర్రిపోతుల్ని పట్టుకున్నా, పెంచినా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. బాల్ పైతాన్ లాంటి విదేశీ జాతులకూ 2024లో వచ్చిన నిబంధనల కింద ప్రభుత్వం దగ్గర నమోదు తప్పనిసరి.

ఇంతకీ డల్లాస్ పిల్లాడి సంగతేంటంటారా? పెట్టె మార్చారు. గూళ్లు పెట్టారు. వారం పాటు వాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. శనివారం రాత్రి వెచ్చని ఎలుకపిల్లను గూడు ముందు పెట్టి, గుడ్డ కప్పి పడుకున్నాడు. తెల్లారి చూస్తే ఎలుక లేదు. పాము నడుము దగ్గర చిన్న ఉబ్బు!

అమ్మమ్మ ఫోన్. ‘తిన్నదా నాయనా?’

‘తింది అమ్మమ్మా! కానీ ఇంకో రెండ్రోజులు ముట్టుకోకూడదట...’