కొలిమి అంచున రిపేరు పని – కుటుంబాలు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ఊళ్లలో కాపురం ఉంటూ ఇక్కడి షెడ్లకు, జీడిమెట్ల, బాలానగర్ వైపు ఫౌండ్రీలకు పనికి పోయేవారు ఎంతోమంది. ఒక రాత్రి డ్యూటీలో ఒక ఫిట్టరు భార్య నా దగ్గర కూర్చుంది. ఆమె భర్త ఫర్నేసు ప్లాట్‌ఫారం మీది నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. "బట్టీ బందు పెట్టినంకనే పైకెక్కిండు సిస్టరమ్మా, ఇంక భయమేముందనుకున్నం" అన్నది.

చాలా కుటుంబాలు ఇలాగే అనుకుంటాయి. కాని బట్టీ ఆపిన రోజే రిపేరు పనివారికి ఎక్కువ ప్రమాదం. ఆ ఫిట్టరు నేల వైపు పడ్డాడు కనుక కాలు విరిగింది. కరిగిన లోహం వైపు పడితే ఏ ఆసుపత్రీ చేయగలిగింది ఏమీ ఉండదు. అందుచేత ఈ విషయంలో వైద్యం కంటే ముందుజాగ్రత్తే ముఖ్యం.

రిపేరు రోజున ఏం మారుతుంది?

మామూలు రోజుల్లో బట్టీ నోటికి మూత, ప్లాట్‌ఫారానికి రైలింగ్ ఉంటాయి. రిపేరు రోజున ఫిట్టరు, వెల్డరు, ఎలక్ట్రీషియన్ సరిగ్గా అంచు దగ్గరికే వెళ్లాలి. సామాను దించడానికి రైలింగ్ విప్పుతారు, నేల మీది ఇనుప రేకులు తీస్తారు. ఆ సందు సంగతి తరువాతి షిఫ్టు వారికి తెలియదు. కరెంటు ఆపినంత మాత్రాన లోపలి లోహం వెంటనే చల్లబడదు. ఒక బట్టీ రిపేరులో ఉంటే పక్క బట్టీ నడుస్తూ ఉండవచ్చు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఇనుము 1,538 డిగ్రీల దగ్గర కరుగుతాయి. నీళ్లు మరిగేది 100 డిగ్రీలకే అని గుర్తుంచుకుంటే ఆ వేడి ఎంతో అర్థమవుతుంది.

మనిషి ఎందుకు పడతాడు?

కాలు జారడం ఒక్కటే కారణం కాదు. వేడికి చెమట పట్టి ఒంట్లో నీరు తగ్గితే కళ్లు తిరుగుతాయి. వరుసగా రెండు షిఫ్టులు చేస్తే తూలు వస్తుంది. కొన్ని బట్టీల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ వాయువు చేరుతుంది. దానికి రంగు, వాసన ఉండవు. తలనొప్పి, మైకం వచ్చి మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. 2018 జూలై 12న అనంతపురం జిల్లా తాడిపత్రిలోని ఉక్కు కర్మాగారంలో ఈ వాయువు లీకై ఆరుగురు మరణించారు.

పెద్ద కంపెనీ అయితే భయం లేదా?

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం మ్యాపుల్టన్‌లో క్యాటర్‌పిల్లర్ కంపెనీకి ఫౌండ్రీ ఉంది. 2022 జూన్ 2న అక్కడ ఒక కార్మికుడు 11 అడుగుల లోతున్న కరిగిన ఇనుము పాత్రలో పడి మరణించాడు. కాపలా కంచె గాని, పడకుండా ఆపే ఏర్పాటు గాని ఉంటే ఆ ప్రాణం పోయేది కాదని అక్కడి భద్రతా శాఖ విచారణలో తేల్చింది. కంపెనీ పేరు మనిషిని కాపాడదు, కంచె కాపాడుతుంది.

బైబిలులో ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం కూడా ఇదే నేర్పుతుంది. ఇల్లు కట్టినవాడే మిద్దెకు పిట్టగోడ కట్టాలి, ఎవరైనా పడితే ఆ దోషం ఇంటి యజమానిదే. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 33వ సెక్షను గుంతలకు, నేలలోని సందులకు మూత లేదా కంచె ఉండాలని చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ అమలులోకి వచ్చింది. భద్రత చాలకపోతే యజమానికి, అక్కడ వినకపోతే ప్రభుత్వ తనిఖీ అధికారికి చెప్పుకునే హక్కును ఆ కోడ్ కార్మికునికి ఇచ్చింది.

ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు

1. రిపేరుకు ముందు బట్టీలోని లోహం పూర్తిగా వంపేస్తున్నారా? ఇదే అన్నిటికంటే మంచి రక్షణ.
2. రైలింగ్ విప్పినచోట తాత్కాలిక కంచె, గట్టి మూత పెడుతున్నారా? ఒట్టి తాడు కడితే చాలదు.
3. బెల్టు నడుముకు మాత్రమేనా, ఒళ్లంతా పట్టేదా? ఒళ్లంతా పట్టేదే కావాలి.
4. తాడు ఎంత పొడవు? కరిగిన లోహం దగ్గర, పడ్డాక ఆపే తాడు కంటే అసలు అంచు దాకా పోనివ్వని పొట్టి తాడు మేలు.
5. బెల్టు వేడిని తట్టే రకమేనా? మామూలు నైలాన్, పాలిస్టరు పట్టీలు వేడికి కరిగిపోతాయి.
6. పక్కన కనిపెట్టుకుని ఉండే మనిషి ఉన్నాడా? వాయువు పరీక్ష చేశారా?

"ఇవన్నీ అడిగితే పనిలోంచి తీసేస్తారేమో" అని భయపడతారు. ఆ భయం నిజమే. అందుకే ఒక్కరే కాకుండా తోటివారితో కలిసి, పని మొదలుపెట్టక ముందే అడగమని చెప్పండి. కాంట్రాక్టరు కింద పని చేసేవారు మరీ తప్పక అడగాలి.

ప్రమాదం జరిగితే

• వాయువు ఉందనిపించినచోట గుంతలోకి ఒంటరిగా దిగరాదు. కాపాడబోయినవారూ పోతారు.
• కరిగిన లోహం మీద నీళ్లు పడరాదు, పేలుతుంది. మనిషిని దూరంగా తెచ్చాకే గాయం మీద 20 నిమిషాలు మామూలు పంపు నీళ్లు పోయాలి.
• అంటుకున్న బట్ట, లోహం పీకరాదు. ఉంగరాలు, కడియాలు, మొలతాడు తీసేయాలి.
• పసుపు, టూత్‌పేస్టు, సిరా, నెయ్యి, ఐసు పెట్టరాదు. శుభ్రమైన బట్ట కప్పాలి.
• ఎత్తు నుంచి పడినవారి మెడ, నడుము కదపరాదు. అక్కడ మంట, వాయువు ఉంటేనే జరపాలి.
• 108కి ఫోన్ చేయాలి. 2005లో మొదలైన ఈ సేవ కేంద్రం మన మేడ్చల్ రోడ్డులోని దేవరయాంజాల్‌లోనే ఉంది.

ఈఎస్‌ఐ కార్డు ఉందో లేదో ఈరోజే చూసుకోండి. పనిలో గాయమైతే, చేరిన మొదటి రోజు నుంచే అది వర్తిస్తుంది. పని చేయలేని కాలానికి సగటు జీతంలో 90 శాతం వస్తుంది.

టిఫిను డబ్బా చేతికిచ్చేటప్పుడు "ఈరోజు రైలింగ్ విప్పుతారా?" అని ఒక్క మాట అడగండి. దేవుడు మీ ఇంటివారిని క్షేమంగా ఇంటికి చేర్చును గాక.