నడుము వెన్నులో ఇరుకు: శస్త్రచికిత్స ఎవరికి, వ్యాయామం ఎవరికి?

పొలం గట్టున కొంత దూరం నడవగానే పిక్కలు బరువెక్కి, తిమ్మిరెక్కి, కూర్చుంటే తప్ప తేరుకోలేని పెద్దలు మన గ్రామాలలో తక్కువేమీ కాదు. వాతమని సరిపెట్టుకోవడం పరిపాటి. చాలామందిలో దీనికి మూలం నడుము భాగపు వెన్నునాళం ఇరుకు కావడమే. వయసుతో డిస్కులు అణగి ఉబ్బుతాయి, కీళ్ళ వద్ద ఎముక పెరుగుతుంది, నాళం లోపలి స్నాయువు దళసరి అవుతుంది. మధ్యనున్న నరాలకు చోటు తగ్గుతుంది. ముందుకు వంగితే ఆ నాళం కొంత విచ్చుకుంటుంది. కనుకనే నడవలేని మనిషి సైకిలు తొక్కగలడు. కాలి రక్తనాళాలు పూడినవారికి మాత్రం ఊరికే నిలబడినా నొప్పి తగ్గుతుంది. ఈ తేడాను వైద్యునికి తప్పక చెప్పాలి.

స్కానింగులో ఇరుకు కనిపించినంత మాత్రాన ఆపరేషన్ అవసరమని కాదు. ఏ బాధా లేని వృద్ధులలో కూడా అది కనిపిస్తుంది.

2015లో వెలువడిన ఒక అమెరికా పరిశోధన ఆసక్తికరమైనది. శస్త్రచికిత్సకు అంగీకరించిన 169 మందిలో కొందరికి ఆపరేషన్, మిగిలినవారికి ఫిజియోథెరపీ నిర్ణయించారు. రెండేళ్ళకు ఇరుపక్షాల కదలికలో చెప్పుకోదగిన తేడా లేదు. అయితే వ్యాయామ పక్షంలో సగానికి పైగా ఆలోపే ఆపరేషన్‌కు మారారు కనుక, వ్యాయామమే చాలునని దీనినిబట్టి తేల్చలేము. నిజంగా ఆపరేషన్ చేయించుకున్నవారిని, చేయించుకోనివారిని పోల్చిన 2008 నాటి మరొక అమెరికా అధ్యయనంలో రెండేళ్ళకు ఉపశమనం ఆపరేషన్ వైపే అధికం.

నడుములో ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల మీద మనవారికి నమ్మకం మెండు. 2014లో 400 మందిపై జరిగిన పరీక్షలో, మత్తుమందుకు స్టెరాయిడ్ జోడించినందువలన ఆరు వారాలకు కలిగిన అదనపు మేలు స్వల్పం, లేదా శూన్యం. ఇక ఆపరేషన్‌లో నరాలపై ఒత్తిడి తీయడం ఒకటి, స్క్రూలతో ఎముకలను బిగించడం వేరొకటి. రెండవది ఖర్చు, రక్తనష్టం పెంచుతుంది. స్వీడన్‌లో 247 మందిపై జరిగి 2016లో వెలువడిన పరిశోధనలో దానివలన అదనపు ప్రయోజనం కనిపించలేదు. స్క్రూలు ఎందుకని సర్జన్‌ను అడగడానికి మొహమాటపడవద్దు.

బాధ భరించగలిగినంతలో ఉంటే కొన్ని నెలలు వ్యాయామం, మాత్రలతో వేచి చూడడం ప్రమాదకరం కాదు. కాని మూత్రం బిగబట్టినా, అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, కాళ్ళ బలం వేగంగా క్షీణిస్తున్నా ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి.

సరిహద్దువాసులకు మరొక చిక్కు ఉన్నది. వైద్యం ఒక రాష్ట్రంలో, కార్డు మరొక రాష్ట్రంలో. చేరే ముందే ఆసుపత్రి బీమా విభాగంలో మన కార్డు అక్కడ, ఈ ఆపరేషన్‌కు చెల్లుతుందో లేదో విచారించుకోవాలి. ఆపరేషన్ తరువాత కుట్లు చూపించడానికి, ఫిజియోథెరపీకి చేయవలసిన ప్రయాణాలను కూడా లెక్కలో వేసుకోవాలి.