ఒక కొండదొంగ, ఆరు భాషలు

1954లో ఎం.జి.ఆర్. తమిళంలో ‘మలైక్కళ్ళన్’, అంటే కొండదొంగ, అయ్యాడు. అదే ఏడు అదే కథతో ఎన్.టి.ఆర్. తెలుగులో ‘అగ్గిరాముడు’ అయ్యాడు. రెండింటిలోనూ నాయిక భానుమతే. మరుసటి ఏడు హిందీలో దిలీప్ కుమార్ ‘ఆజాద్’గా వచ్చాడు. ఆ తర్వాత ఆ కొండదొంగ మలయాళం, కన్నడం, సింహళంలోకీ వెళ్ళాడు. వీటిలో చాలావాటి వెనక ఉన్నది కోయంబత్తూరు పక్షిరాజా స్టూడియో. 1945లో దాన్ని స్థాపించిన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు తెలుగు కుటుంబం నుంచి వచ్చినవాడు.

సినిమానైనా పత్రికనైనా విశ్లేషించడమంటే బాగుందో బాగాలేదో చెప్పడం కాదు. 1948లో అమెరికన్ పండితుడు హెరాల్డ్ లాస్‌వెల్ అందుకు అయిదు ప్రశ్నలు ఇచ్చాడు: ఎవరు చెబుతున్నారు, ఏం చెబుతున్నారు, ఏ మాధ్యమంలో, ఎవరికి, ఏ ఫలితంతో? ఈ ప్రశ్నలు వేసి చూడడానికి ఈ ఆరు సినిమాలకన్నా మంచి సరుకు దొరకదు.

మొదట, ఎవరు? తెరమీది కథానాయకుణ్ణి పక్కన పెట్టి డబ్బు పెట్టినవాళ్ళను చూడాలి. కోయంబత్తూరు మిల్లుల ఊరు. 1935లో అక్కడ వెలసిన సెంట్రల్ స్టూడియోలో స్థానిక పారిశ్రామికుల పెట్టుబడి ఉంది. ఒక కథ హిట్టయితే సరుకును మరో బజారుకు పంపినట్టు మరో భాషలోకి పంపడం అక్కడివాళ్ళకు వింతేమీ కాదు.

ఇక, ఏం చెబుతున్నారు? అసలు చిక్కు ఇక్కడే ఉంది. కథ ఒకటే అయినా చెప్పేది ఒకటి కాదు. నామక్కల్ కవి రామలింగం పిళ్ళై నవల ఆధారంగా తీసిన తమిళ సినిమాకు మాటలు రాసింది డి.ఎం.కె. నేత కరుణానిధి. ఎం.జి.ఆర్. డి.ఎం.కె.లో చేరి అప్పటికి నిండా రెండేళ్ళు కాలేదు. జనాన్ని ఎన్నాళ్ళు మోసం చేస్తారని నిలదీస్తూ టి.ఎం. సౌందరరాజన్ పాడిన పాట, సినిమా దాటి ఎం.జి.ఆర్. రాజకీయ రూపంలో కలిసిపోయింది. మరి హిందీలో? విషాద పాత్రలతో అలసిపోయిన దిలీప్ కుమార్‌కు ‘ఆజాద్’ ఒక ఆటవిడుపు. అక్కడి దొంగ వెనక పార్టీ జెండా లేదు. కథ మారలేదు, చుట్టూ ఉన్న సందర్భం మారింది. మీడియా అధ్యయనంలో తెరమీది బొమ్మతో సమానంగా సందర్భాన్నీ చదవమనేది అందుకే.

‘ఏం చెబుతున్నారు’ అన్న ప్రశ్నలోనే మరో కీలకమైన మాట ప్రాతినిధ్యం. ఎవరిని ఎలా చూపారు, దేన్ని వదిలేశారు అన్నది అందులో ఉంటుంది. 1959 నాటి ‘వీరపాండియ కట్టబొమ్మన్’ సినిమా చూడండి. మదురై నాయక రాజులు నెలకొల్పిన పాళెగాళ్ళ వ్యవస్థ నుంచి వచ్చిన పాంచాలంకురిచ్చి పాలకుడు కట్టబొమ్మన్. తెలుగు మాట్లాడే రాజకంబళ నాయకుల ఇంటివాడు. 1799లో కయత్తారులో ఈస్టిండియా కంపెనీవాళ్ళు అతణ్ణి ఉరితీశారు. తెరమీద శివాజీ గణేశన్ ఉరుములాంటి తమిళంతో అతణ్ణి తమిళ వీరుణ్ణి చేశాడు. తమిళ సినిమా తమిళంలో మాట్లాడడం తప్పేమీ కాదు. కానీ ఇంటిభాష తెరమీద లేకపోతే, చూసేవాళ్ళ మనసులోంచీ అది మెల్లగా జారిపోతుంది. విచిత్రమేమంటే, తెలుగు కట్టబొమ్మన్ ఆంధ్ర ప్రేక్షకులకు డబ్బింగులోనే దొరికాడు.

ఇక, ఎవరికి, ఏ ఫలితంతో? ప్రేక్షకుడు పోసినదంతా పట్టుకునే ఖాళీ కుండ కాదు. 1973లో మీడియా పండితుడు స్టూవర్ట్ హాల్ చెప్పినట్టు, చూసేవాడు చెప్పినదాన్ని యథాతథంగా తీసుకోవచ్చు, కొంత ఒప్పుకుని కొంత బేరమాడవచ్చు, లేదా పూర్తిగా ఎదురు తిరగవచ్చు. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదువుకున్న మదురై, కోయంబత్తూరు కుటుంబాలకు బేరమాడే చూపు సహజంగానే వస్తుంది. కట్టబొమ్మన్ తమిళ వీరుడూ అవుతాడు, తమ ఇంటివాడూ అవుతాడు.

ఆ బేరాన్ని కాగితం మీద పెట్టినవాడు కోవిల్‌పట్టి దగ్గర ఇడైచెవల్‌కు చెందిన రచయిత కి. రాజనారాయణన్. తెలుగు కుటుంబాలు దక్షిణాదికి తరలివచ్చి నల్లరేగడి నేలలో ఊరు కట్టుకున్న కథను ‘గోపల్ల గ్రామం’గా తమిళంలో రాశాడు. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, తమిళ విభాగంలో.