కణుపు చూచి మొక్కను పోల్చుకుందాం

పిల్లలూ! చుక్కకూర పప్పు మీరు తినే ఉంటారు. ఆ చుక్కకూరకు కెనడాలో చాలామంది చుట్టాలున్నారు. వేసవిలో అంగళ్ళలో కనిపించే ఎర్ర కాడల రూబార్బ్ ఒకటి. మానిటోబా పొలాల్లో పండే బక్‌వీట్ మరొకటి. ఇవన్నీ పాలిగొనేసీ అనే ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. ఈ కుటుంబంలో వంటింటికి రాని వారు కూడ ఉన్నారు. వారే నాట్‌వీడ్‌లు, స్మార్ట్‌వీడ్‌లు. ఇవి కాలిబాట పగుళ్ళలోను, చెరువు గట్ల మీద, నదుల ఒడ్డున పెరుగుతాయి. వీటిలో కొన్ని మేలు చేస్తాయి. కొన్ని మాత్రం ఒకసారి పాతుకొంటే ఒడ్డునంతా ఆక్రమిస్తాయి. కాబట్టి ఏది ఏదో పోల్చుకోవడం మనకు తెలియాలి.

మొదట పేర్ల సంగతి చూద్దాం. ఇంగ్లీషులో నాట్ అంటే ముడి. ఈ మొక్కల కాండంపై ఆకు పుట్టే చోటు ఉబ్బి ముడి వలె ఉంటుంది. చెరకు గడకు ఉన్నట్లే! దానినే మనం కణుపు అంటాం. స్మార్ట్ అంటే తెలివైన అని మీకు తెలుసు. ఆ మాటకు మండుట అనే అర్థం కూడ ఉంది. మన చురుకు అనే మాట చూడండి. చురుకైన పిల్లవాడు అంటాం. నిప్పు తగిలితే చురుక్కుమంది అనీ అంటాం. కొన్ని స్మార్ట్‌వీడ్‌ల రసం చురుక్కుమనిపిస్తుంది. అందుకే వాటికా పేరు వచ్చింది.

ఈ మొక్కను చూడగానే కణుపు దగ్గర పరీక్షించండి. కాండాన్ని చుట్టి కాగితం వంటి సన్నని తొడుగు కనిపిస్తుంది. దీనిని ఓక్రియా అంటారు. ఇదే ఈ కుటుంబపు గుర్తు. ముదిరిన కాండంపై తొడుగు ఊడిపోయి గీత మాత్రమే మిగలవచ్చు. అప్పుడు లేత కొమ్మను చూడాలి.

ఇక స్మార్ట్‌వీడ్‌లు. వీటి పూలు చిన్న కంకులుగా పూస్తాయి. యూరప్ నుంచి వచ్చిన లేడీస్ థంబ్ అనే మొక్క ఆకు నడుమ బొటనవేలి ముద్ర వంటి నల్లని మచ్చ ఉంటుంది. అయితే మచ్చను మాత్రమే నమ్మరాదు. లేత రంగు స్మార్ట్‌వీడ్ ఆకుపై కూడ ఒక్కొక్కప్పుడు మచ్చ ఉంటుంది. లేడీస్ థంబ్‌కే ఒక్కొక్కప్పుడు ఉండదు! మరి తేడా ఎలా తెలుస్తుంది? తొడుగు అంచును భూతద్దంతో చూడండి. లేడీస్ థంబ్ తొడుగు అంచున చీర కుచ్చుల వలె పొట్టి వెంట్రుకలుంటాయి. లేత రంగు స్మార్ట్‌వీడ్ తొడుగు అంచు దాదాపు నున్నగా ఉంటుంది. దాని కంకి కూడ పండిన వరి కంకి వలె వంగి వేలాడుతుంది. చెరువు నీటిపై ఆకులు తేలవేసి, గులాబీ రంగు కంకిని నిటారుగా నిలిపేది నీటి స్మార్ట్‌వీడ్. ఇది ఈ దేశపు సొంత మొక్క. దీని గింజలు బాతులకు ఆహారం.

కాలిబాట పగుళ్ళలో నేలకు అంటుకొని పాకేది చిన్న నాట్‌వీడ్. దీనికి కంకి ఉండదు. ఆకుల మొదళ్ళలోనే చిట్టి పూలు పూస్తాయి.

అన్నిటిలోను జాగ్రత్తగా చూడవలసినది జపాన్ నాట్‌వీడ్. దీనిని 19వ శతాబ్దంలో అందం కోసం తోటలలో పెంచడానికి జపాన్ నుంచి యూరప్‌కు తెచ్చారు. ఆ తరువాత అమెరికా ఖండానికి చేరింది. టొరంటోలోని డాన్ నది లోయలో కూడ ఇది పెరుగుతున్నది. దీని కాండం వెదురు వలె బోలుగా ఉండి, ఎర్రని చుక్కలతో మనిషి కంటె ఎత్తు పెరుగుతుంది. వేసవి చివర తెల్లని పూలగుత్తులు వస్తాయి. చలికాలంలో ఎండిన గోధుమరంగు కాండాలు నిలిచే ఉంటాయి.

దీనికి ఒక పెద్ద అన్న ఉన్నాడు. అది జెయంట్ నాట్‌వీడ్. రెండింటినీ ఆకు మొదలు చూచి పోల్చుకోవాలి. జపాన్ మొక్క ఆకు మొదలు కత్తిరించినట్లు సమంగా ఉంటుంది. జెయంట్ మొక్క ఆకు మొదలు హృదయాకారంలో ఉంటుంది. ఆకు కూడ చాలా పెద్దది. ఈ రెండింటి సంకరమైన బొహీమియన్ నాట్‌వీడ్ లక్షణాలు నడిమి రకంగా ఉంటాయి.

ఇంత వివరంగా చూడటం ఎందుకంటారా? జపాన్ నాట్‌వీడ్‌కు అల్లం, పసుపు కొమ్ముల వలె నేలలోపల పాకే కాండం ఉంది. అందులో అంగుళమైనా లేని ముక్క నుంచి కొత్త మొక్క పుడుతుంది. కణుపు ఉన్న పై కాండపు ముక్క కూడ వేళ్ళూనగలదు. ఏదో కలుపు మొక్క అని పీకి వాగులో పారవేశారనుకోండి. నీరు ఆ ముక్కలను దిగువకు మోసుకుపోతుంది. అక్కడ మరొక పొద మొలుస్తుంది. తక్కిన మొక్కలకు వెలుతురు అందదు. మీరు శుభ్రం చేశామనుకొంటారు, నిజానికి విత్తినవారవుతారు! అలాగే చెడ్డ మొక్క అనుకొని నీటి స్మార్ట్‌వీడ్‌ను పీకివేస్తే బాతుల ఆహారాన్ని పాడుచేసినవారవుతారు.

ఒంటారియోలో 2016 నుంచి జపాన్ నాట్‌వీడ్‌ను కొనడం, అమ్మడం, బయట వదలడం చట్టరీత్యా నిషేధం. అది కనిపిస్తే మీరు పీకవద్దు, ఇంటికి తేవద్దు. ఉన్న చోటనే బొమ్మ గీసుకొని పెద్దలకు చూపండి. ఏ మొక్కనూ రుచి చూడవద్దు.

పేరు తెలియని మొక్కపై చేయి వేసేముందు దాని కణుపును, తొడుగును, ఆకు మొదలును చూడండి. ఆ మూడూ చూచినవారు తొందరపడరు, పొరపడరు.

అర్థాలు
కణుపు : కాండంపై ఆకు పుట్టే చోటు
బోలు : లోపల ఖాళీగా ఉన్నది
సంకరం : రెండు జాతుల కలయిక వలన పుట్టినది

ప్రశ్నలు
1. స్మార్ట్‌వీడ్ అనే పేరు ఎలా వచ్చింది?
2. ఆకుపై మచ్చను మాత్రమే ఎందుకు నమ్మరాదు?
3. జపాన్ నాట్‌వీడ్‌కు, జెయంట్ నాట్‌వీడ్‌కు ఆకులలో గల తేడా ఏమి?
4. ఇంట్లో చుక్కకూర తెచ్చినప్పుడు కాడలు కలిసే చోట తొడుగు ఉన్నదేమో వెదకి, బొమ్మ గీయండి.